డోర్డి అత్తయ్య గౌనూ, మా ఆయన గడ్డమూ

మా ఆయన హాల్గేర్ వాళ్ళమ్మ గౌను తొడుక్కుని సముద్రం మీదికి వచ్చాడన్న మాట నిజమే. ఆ గౌను వీపు దగ్గర పర్రుమని చిరిగిందన్నదీ నిజమే. బెర్గెన్ పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి అతని చేతికి ముద్దు పెట్టాడన్నది మాత్రం పచ్చి అబద్ధం. చెయ్యి పట్టుకుని పడవలోకి దింపాడు, అంతే. మా నార్వే ఉత్తర తీరంలో మనుషులు తక్కువ, చలికాలాలు పొడుగు. ఒక మాట ఈ లంక నుంచి ఆ లంకకు చేరేసరికి దానికి కాళ్ళూ చేతులూ మొలుస్తాయి. అంతా కళ్ళారా చూసినదాన్ని నేను. కాబట్టి నా నోటితోనే వినండి.

మా అత్తగారు డోర్డి బాతుల మనిషి. ఆవిడ అత్తగారూ బాతుల మనిషే. ఏటా మే నెలలో ఈడర్ బాతులు సముద్రం మీద నుంచి గుంపులుగా వచ్చి, మా ఇంటికి ఎదురుగా ఉన్న లిల్లోయ్ అనే బుల్లి లంక మీద గుడ్లు పెడతాయి. వాటికోసం రాళ్ళతో, పాత చెక్కలతో మోకాలెత్తు గూళ్ళు కట్టి, లోపల ఎండిన నాచు పరచి ఉంచుతాం. తల్లిబాతు గూట్లో కూర్చుని తన రొమ్ము మీది మెత్తటి నూగు పీకి గుడ్ల చుట్టూ పరుచుకుంటుంది. గద్దలు రాకుండా కాపలా మనది. పిల్లల్ని వెంటేసుకుని అది నీళ్ళలోకి దిగిపోయాక ఆ నూగు మనది. ఆ నూగుతో కుట్టిన రజాయి కప్పుకుంటే బయట తుపానున్నా వొంటికి తెలియదు. తాతల నాటి నుంచీ బాతులకూ మాకూ ఉన్న ఒప్పందం ఇది.

ఒప్పందంలో ఒక్కటే చిక్కు. మే నెల పొడుగునా ఎవరూ చప్పుడు చెయ్యకూడదు. సుత్తి ముట్టకూడదు. బట్టలు బయట ఆరెయ్యకూడదు, గాలికి టపటపలాడతాయి. కుక్కల్ని చుట్టాలిళ్ళకు పంపేస్తాం. మా ఊళ్ళో చంటిపిల్లలు కూడా ఆ నెలంతా గుసగుసగానే ఏడుస్తారని పక్క లంకవాళ్ళు వెక్కిరిస్తారు. లిల్లోయ్ మీదికైతే అత్తయ్య ఒక్కతే వెళ్ళేది. తోడు వస్తానంటే మండిపడేది. "దగ్గకూడదు, తుమ్మకూడదు, ఈల వెయ్యకూడదు. మీ వల్ల అయ్యే పని కాదు" అని పొద్దున్నే చిన్న పడవ వేసుకుని పోయి, సాయంత్రానికి ఎర్రబడ్డ ముక్కుతో, నీళ్ళు కారే కళ్ళతో తిరిగొచ్చేది. "సముద్రపు గాలి" అనేది. ఆవిడ ఏప్రన్ జేబు నిండా మగవాళ్ళ చేతిరుమాళ్ళుండేవి. అవి ఉతికేది నేనే.

ఇక మా ఆయన. మనిషి తలుపంత ఉంటాడు, మనసు వెన్న. కానీ తుమ్మితే మాత్రం ఫిరంగే. ఒకసారి చర్చిలో తుమ్మితే పాదిరీ ప్రసంగం ఎక్కడ ఆపాడో మరిచిపోయి మళ్ళీ మొదటినుంచీ అందుకున్నాడు. ఊరంతా హాల్గేర్‌ని ఇంకా క్షమించలేదు. ఆ తుమ్ము వల్లే చిన్నప్పుడే వాళ్ళమ్మ అతన్ని లిల్లోయ్ నుంచి వెలివేసింది. ఒడ్డున నిలబడి అమ్మ పడవ వెళ్ళిపోతుంటే చూస్తూ ఏడ్చేవాడట. ఇంత మనిషయ్యాక కూడా మే నెల వస్తే కిటికీ దగ్గర నిలబడి ఆ లంక వైపే చూస్తుంటాడు. నాకు జాలేస్తుంది. పైకి చెప్పననుకోండి, చెబితే నెత్తినెక్కుతాడు.

ఈ ఏడు ఏప్రిల్ చివర్లో అత్తయ్య రేవు మెట్ల మీద జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. అవతలి గట్టున ఆసుపత్రిలో పడుకోబెట్టారు. సరిగ్గా అప్పుడే బాతులొచ్చాయి. లిల్లోయ్ చుట్టూ నీళ్ళమీద తేలుతున్నాయే తప్ప ఒక్కటీ గట్టెక్కదు. ఒడ్డుకేసి చూస్తాయి, తమలో తాము గొణుక్కుంటాయి, మళ్ళీ చూస్తాయి. నేను వెళ్ళి నాచు పరిచాను. నన్ను చూడగానే అన్నీ వీపులు తిప్పేశాయి. ఆ తిప్పడం అచ్చం అత్తగారిదే. ఇంకెవరి దగ్గర నేర్చుకుంటాయి!

ఆసుపత్రి నుంచి రోజూ ఫోను.

"ఎక్కాయా, అమ్మాయ్?"

"ఇంకా లేదత్తయ్యా."

"బేరెట్ వచ్చిందా?"

బేరెట్ అంటే రెక్క మీద తెల్ల ఈక ఉన్న ముసలి బాతు. అస్తమానం సణుగుతుందని దానికి తన అత్తగారి పేరే పెట్టుకుంది ఆవిడ.

"వచ్చింది. నీళ్ళమీదే ఉంది. నన్ను తిడుతోంది."

మామూలుగా ఈ మాటకు నవ్వేది. ఆ రోజు నవ్వలేదు. "ఇంకో రెండు రోజులు చూసి అవి వేరే రాళ్ళ మీదికి పోతాయి. పోతే మళ్ళీ రావు. అవి లేకపోతే నేనెందుకే అక్కడికి? ఇక్కడే ముసలివాళ్ళ హోములో గది ఉందంటున్నారు. సంతకం పెట్టేస్తాను. ఇల్లు మీ ఇష్టం" అంది.

ఫోను స్పీకర్లో ఉంది. హాల్గేర్ వింటూ బంగాళదుంప చెక్కు తీస్తున్నాడు. తీసి తీసి ఆ దుంపను గోలీకాయంత చేశాడు. మా అత్తగారితో నాకు పడదు, ఆ సంగతి బాతులక్కూడా తెలుసు. కానీ ఆవిడ లేని ఆ వంటింట్లో పోట్లాడ్డానికి మనిషి లేక నాకు అన్నం సయించడం లేదు.

"యోరున్, అవి ఎదురుచూసేది అమ్మకోసమే" అన్నాడు చివరికి. "ఆ నీలం గళ్ళ గౌను, ఆ పసుప్పచ్చ తలగుడ్డ. ఇన్నేళ్ళూ అవే కదా చూశాయి."

"అయితే ఆ గౌను తొడుక్కునేదెవరు? నేను తొడుక్కుంటే రెండు చుట్లు తిరుగుతుంది."

మాట నోట్లోంచి రాగానే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అత్తయ్యదీ కొడుకుదీ ఒకే వొడ్డూ పొడుగూ.

"చస్తే తొడుక్కోను" అన్నాడు.

మర్నాడు పొద్దున్న తొడుక్కున్నాడు.

చిన్న పడవలో చాటుగా వెళ్ళొచ్చేద్దామనుకున్నాం గానీ, సముద్రం కాస్త లేచి ఉంది. నేనేమో ఆ పొద్దున్నే పెద్ద పడవలో ఇద్దరు యాత్రికుల్ని తిప్పే పని ముందే ఒప్పుకుని ఉన్నాను. పక్షులు, సీల్ జంతువులు, మంచుకొండలు చూపించి, కాఫీ, లెఫ్సే రొట్టె పెట్టి తీసుకురావడం నా బతుకుతెరువు. అందుకని చిన్న పడవను పెద్ద పడవ వెనక కట్టి, హాల్గేర్‌ని చుక్కాని గదిలో దాచి బయల్దేరాను.

వచ్చినవాళ్ళు బెర్గెన్ దంపతులు, రోల్ఫ్, విగ్డిస్. బెర్గెన్ వాళ్ళు ఊపిరి తీసుకోవడం మానేస్తారు గానీ మాట్లాడ్డం మానరని మా తీరంలో సామెత. విగ్డిస్ ఆ సామెతకు సొంత చెల్లెలు. రేవు దాటకముందే వాళ్ళ ఇంటి కప్పు సంగతి, కుక్క కడుపునొప్పి సంగతి, రోల్ఫ్ గురక సంగతి నాకు కంఠతా వచ్చేశాయి. రోల్ఫ్ సన్నగా, మర్యాదగా, పెళ్ళాం వదిలిన ఖాళీల్లో "అవును" అంటూ కూర్చున్నాడు.

రాళ్ళ మీద సీల్ జంతువులు బొజ్జలు ఎండకు పెట్టుకుని పడుకుని ఉన్నాయి. "అచ్చం మీరే!" అంది విగ్డిస్ మొగుడితో. "అవును" అన్నాడాయన. పఫిన్ పిట్టలు రంగురంగుల ముక్కుల నిండా చేపలు కరుచుకుని మా తలల మీదుగా తుర్రుమన్నాయి. కొండ కొమ్మున తెల్లతోక గద్ద ఒకటి రెక్కలు విప్పి దిగి, నీళ్ళలోంచి చేపను ఎత్తుకుపోయింది. రోజూ చూసేదాన్నే అయినా ఆ గద్ద దిగినప్పుడు నాకు గుండె ఒక క్షణం ఆగుతుంది. విగ్డిస్ నోరు మాత్రం అప్పుడూ ఆగలేదు.

అప్పుడే చుక్కాని గది తలుపు తెరుచుకుంది. గాలాడక వేగలేక మా ఆయన బయటికొచ్చేశాడు. నీలం గళ్ళ గౌను, ఏప్రన్, పసుప్పచ్చ తలగుడ్డ ముక్కుదాకా చుట్టి, కింద గడ్డం కనబడకుండా గౌను మెడలోకి దోపిన ముడి. పైన రెండు కళ్ళు మాత్రం బిక్కుబిక్కుమంటున్నాయి.

విగ్డిస్ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో! ఈవిడేనా బాతుల అమ్మ? టీవీలో చూపించారు! ఏమండీ, లేవండి, చోటివ్వండి!"

రోల్ఫ్ గభాలున లేచి టోపీ తీశాడు. "కూర్చోండి అక్కయ్యగారూ."

నాకు బుర్ర పాదరసంలా పనిచేసింది. "మే నెలలో మాట్లాడదండీ" అన్నాను. "బాతుల వ్రతం."

అలాంటి వ్రతం లేదు. ఆ నిమిషాన పుట్టించాను. హాల్గేర్ నావైపు చూసిన చూపుకు అర్థం 'ఇంటికి రా, చెబుతా' అని.

మాట్లాడని శ్రోత దొరికితే విగ్డిస్‌కు ఇంకేం కావాలి? పక్కన చేరి మోకాలి మీద చెయ్యి వేసింది. "మీతో చెప్పుకుంటే గుండె తేలికవుతుంది వదినగారూ. మగాళ్ళతో చచ్చే చావు మీకు తెలియంది కాదు. తడి సాక్సులు మంచం కింద పారేస్తారా, లేదా?"

హాల్గేర్ తల వంచుకున్నాడు. నిన్నటి సాక్సులు మా మంచం కిందే ఉన్నాయి.

"గురక పెట్టి, పొద్దున్నే నేనా అంటారా, లేదా?"

తల ఇంకా వంగింది.

"చూశారా, సాటి ఆడదానికే తెలుస్తుంది!" అని విగ్డిస్ కళ్ళొత్తుకుంది. నేను చుక్కాని పట్టుకుని నవ్వాపుకోలేక పెదవి కొరుక్కున్నాను. ఇరవై ఏళ్ళ నా కాపురంలో ఇన్ని నిజాలు మా ఆయన చెవిన వేసినవాళ్ళు లేరు. ఆవిడ దగ్గర డబ్బు పుచ్చుకోకూడదేమో అనిపించింది.

లిల్లోయ్ దగ్గరపడ్డాక ఇంజను ఆపి లంగరు వేశాను. బాతులు అక్కడే ఉన్నాయి. గోధుమరంగు ఆడవి, నలుపు తెలుపు మగవి, నీళ్ళమీద ఊగుతూ ఒడ్డుకేసి చూస్తున్నాయి. అందరికంటే ముందు బేరెట్. "ఇక గుసగుస కూడా వద్దు" అని వేలు పెదవి మీద పెట్టుకున్నాను. విగ్డిస్ రెండు చేతులతో నోరు మూసుకుంది. రోల్ఫ్ ముచ్చటపడి చూశాడు, ఆ దృశ్యం ఆయన జన్మలో మొదటిసారి చూస్తున్నట్టున్నాడు.

హాల్గేర్ ఏప్రన్ జేబులోంచి బట్టల క్లిప్పు తీసి తలగుడ్డ కింద ముక్కుకు తగిలించుకున్నాడు. చిన్న పడవలోకి దిగబోతుంటే రోల్ఫ్ చెయ్యందించాడు. "జాగ్రత్త అక్కయ్యగారూ" అని గుసగుసగా అని, తన వేళ్ళు ఆ గుప్పిట్లో నలిగాక, "అబ్బో, ఏం సత్తువ" అని చేతిని విదిలించుకున్నాడు. పడవలోకి వంగినప్పుడే గౌను వీపు చిరిగింది.

ఒడ్డెక్కి, వాళ్ళమ్మలాగే చిన్నచిన్న అడుగులు వేస్తూ గూళ్ళ దగ్గరికి వెళ్ళాడు. చిన్నప్పటి తర్వాత ఆ లంక మీద అతను అడుగుపెట్టడం అదే మొదలు. ఒక్కక్షణం ఆగి, గూటి రాయి మీద చెయ్యి వేసి నిమిరాడు. వెనకనుంచి చూస్తే చిరిగిన గౌనూ, వేలాడే తలగుడ్డ కొసా. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

బాతులు మెడలు చాచాయి. చూశాయి. గౌను గుర్తుపట్టాయి, అది మాత్రం ఖాయం. బేరెట్ కాస్త ముందుకు ఈదింది. ఆగింది. ఏదో లోటున్నట్టు తల అటూ ఇటూ వంచి సణిగింది. మళ్ళీ వెనక్కి పోయింది.

హాల్గేర్ మోకాళ్ళ మీద కూర్చుని ఎండు నాచు విడదీసి గూట్లో పరచసాగాడు. నాచు దుమ్ము పొగలా లేచింది. అప్పుడు చూశాను, అతని భుజాలు పైకి లేవడం. అవి ఎందుకు లేస్తాయో ఈ భూమ్మీద నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 'వద్దు, వద్దయ్యా' అనుకున్నాను. క్లిప్పు మీద రెండు చేతులూ వేసి నొక్కాడు. మొహం బీట్‌రూట్‌లా అయింది. భుజాలు దిగాయి. బతికాంరా దేవుడా అనుకున్నాను.

అప్పుడు తుమ్మాడు.

క్లిప్పు ఎగిరి సముద్రంలో పడింది. తలగుడ్డ ఊడి గాలిలో కలిసింది. తుమ్ము వెళ్ళి ఎదురు కొండను కొట్టి తిరిగొచ్చింది. రాళ్ళమీది సీల్ జంతువులన్నీ బుడుంగున నీళ్ళలో పడ్డాయి. నీటికాకులు గుంపుగా లేచి నల్లగా ఆకాశాన్ని కప్పాయి. గాలికి గడ్డం విప్పారి, గౌనులో నిలబడ్డాడు మా ఆయన.

"చిరంజీవ!" అన్నాడు రోల్ఫ్ అలవాటు కొద్దీ.

"గడ్డం!" అంది విగ్డిస్. "ఏమండీ, వదినగారికి గడ్డం! నేను ఆవిడతో అన్నీ చెప్పేశాను!"

"ఏం చెప్పావు?" అన్నాడు రోల్ఫ్. ఆయన మొహంలో మొదటిసారి ఒక ప్రశ్న కనిపించింది.

నేను వాళ్ళను పట్టించుకునే స్థితిలో లేను. అయిపోయింది. బాతులు పోతాయి, అత్తయ్య సంతకం పెడుతుంది, ఇల్లు మూగబోతుంది. తుమ్మితే ఊడిపోయే ముక్కులాంటి ఆశ మాది, ఆ తుమ్ము కూడా వచ్చేసింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హాల్గేర్ రెండు చేతులతో మొహం కప్పుకుని గూడు పక్కన కూలబడ్డాడు.

"ఎందుకేడుస్తున్నావమ్మా?" అంది విగ్డిస్. "అటు చూడు."

చూశాను. బాతులు ఎగరలేదు. ఒక్కటీ ఎగరలేదు. తలలన్నీ ఒడ్డువైపు తిరిగి ఉన్నాయి. బేరెట్ నీళ్ళు చీల్చుకుంటూ ఒడ్డుకొచ్చి, రాళ్ళ మీదికి ఎక్కి, ఒళ్ళు విదిలించుకుని, సణుగుతూ, ఇంత ఆలస్యమా అన్నట్టు మా ఆయన మోకాలు పక్కనుంచి నడిచి గూట్లోకి దూరింది. దాని వెనక ఇంకొకటి. ఇంకో రెండు. ఆ తర్వాత బారులు తీరాయి, పెళ్ళిభోజనానికి పిలుపు అందినట్టు. హాల్గేర్ వేళ్ళ సందుల్లోంచి చూస్తూ కదలకుండా కూర్చున్నాడు. నాచు దుమ్ముకు మళ్ళీ తుమ్మాడు. నీళ్ళలో వెనకబడ్డవి వేగం పెంచాయి.

ఇంటికి రాగానే, గౌను కూడా విప్పకుండా, ఆసుపత్రికి ఫోను చేశాడు.

"అమ్మా, ఎక్కాయి! బేరెట్ తన గూట్లోనే కూర్చుంది!"

అవతల ఊపిరి పీల్చిన చప్పుడు. "ఎలా ఎక్కాయిరా?"

"నన్ను తిట్టకూడదు మరి."

"చెప్పు."

"తుమ్మానమ్మా. ఆపుదామనే చూశాను. క్లిప్పు కూడా పెట్టుకున్నాను. తుమ్మితే వచ్చాయి."

 లైను తెగిందేమోనని నేను ముందుకు వంగాను. అప్పుడు అత్తయ్య గొంతు వినిపించింది. అంత చిన్న గొంతు ఆవిడకుందని నాకు తెలియదు.

"నాక్కూడా వస్తుందిరా. ఆ నాచు ముట్టుకుంటే చాలు. నీకొచ్చింది నా తుమ్మే."

"నీకా?"

"పెళ్ళైన కొత్తలో మీ బామ్మ అడిగింది, తుమ్ములున్నాయా అని. ఉంటే బాతుల దగ్గరికి పంపనంది. లేవన్నాను. ఆవిడకు తెలిస్తే ఆ పని ఇంకెవరికో ఇచ్చేస్తుందని భయం. అందుకే ఎవర్నీ వెంట రానివ్వలేదు. అక్కడికి పోయి, ఒక్కదాన్నే, ఊరికి వినబడకుండా రుమాళ్ళలో మొహం దాచుకుని రోజంతా తుమ్మేదాన్ని. మీ బామ్మ పోయాక కూడా చెప్పలేకపోయాను. ఇన్నేళ్ళూ అబద్ధమాడి ఇప్పుడు ఏ మొహంతో చెప్పను? బాతులేమో పెద్ద మనసుతో ఓర్చుకుంటున్నాయనుకున్నాను గానీ, అదే నా పిలుపనుకుంటున్నాయని నాకేం తెలుసు?"

"మరి నన్నెందుకమ్మా వెలేశావు?" అన్నాడు. గడ్డం, గౌను, ఇంత మనిషి, ఆ అడగడం మాత్రం ఒడ్డున వదిలేసిన పసివాడి అడగడమే.

"నువ్వు తుమ్మితే ఎవరి పోలికని అడుగుతారని" అంది. "తప్పు చేశాన్రా నాయనా."

నేను లేచి స్టవ్ దగ్గరికి పోయి కాఫీ పెట్టాను. ఉల్లిపాయలు తరగకపోయినా కళ్ళు మండాయి.

అత్తయ్య సంతకం పెట్టలేదు. పదిహేనో రోజో ఇరవయ్యో రోజో, కర్రతో దిగింది. ఇంట్లో అడుగుపెట్టగానే చిరిగిన గౌను చూసి నన్ను తిట్టింది, కుట్టనందుకు. తర్వాత కాఫీ తిట్టింది. ఆ రాత్రి నేను కడుపునిండా తిన్నాను.

మర్నాడు ముగ్గురం లిల్లోయ్ వెళ్ళాం. ఆవిణ్ణి చేతుల మీద ఎత్తుకుని ఒడ్డు చేర్చాడు కొడుకు. గూళ్ళన్నీ నిండి ఉన్నాయి. బేరెట్ నూగులో మునిగి, కన్ను మాత్రం తెరిచి చూసింది. నాచు దుమ్ము లేచింది. అత్తయ్య అలవాటుగా చుట్టూ చూసి జేబులో రుమాలు తడుముకుంది. హాల్గేర్ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఇద్దరూ ఒకేసారి తుమ్మారు. పక్క లంకలో చుట్టాలిళ్ళ దగ్గర నిద్రపోతున్న మా కుక్కలు మొరిగాయి. బేరెట్ కన్ను మూసుకుంది.